భూమి కింద బజారు

నా చిన్నప్పుడు భూమి కింద ఒక ఊరు ఉండేది. మా బాపు రోజూ ఆ ఊరికి వెళ్లి వచ్చేవాడు. లోకమంతా దాన్ని బొగ్గుగని అంటుంది. మా గోదావరిఖనిలో అందరూ బాయి అంటారు. మా ఇంట్లో మాత్రం అది ఊరే. అందులో ఒక బజారు ఉండేది, ఆ బజారు మూలన ఉడకబెట్టిన శనగల గుడాలు అమ్ముకునే ఒక ముసలవ్వ ఉండేది.

ఇదంతా బాపు చెప్పిందే. షిఫ్టు దిగి వచ్చి, క్వార్టర్ వెనక నల్లా దగ్గర ఒళ్లు రుద్దుకుని, ఎంత రుద్దినా కళ్ల అంచుల్లో మిగిలిపోయే నలుపుతో వాకిట్లో నులకమంచం మీద కూర్చునేవాడు. నేను ఒక పక్కన, తమ్ముడు ఒక పక్కన చేరేవాళ్లం. కింద ఎండ అనేదే ఉండదట. చల్లటి గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుందట. ఒక చిన్న రైలు అటూ ఇటూ తిరుగుతుందట. వాగు కూడా ఉందట. చుక్కలు ఆకాశంలో కాకుండా మనుషుల నెత్తి మీద ఉంటాయట, ఎవరి చుక్కను వాళ్లు వెంటేసుకుని తిరుగుతారట. ఇక బజారు సంగతి ఎత్తుకుంటే ఆయనకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఒక్కోరోజు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, "అవ్వ మీకిమ్మన్నది" అంటూ ఒక బన్ను చేతిలో పెట్టేవాడు. అది బాయి దగ్గర క్యాంటీన్‌లో దొరికే బన్నని, తను తినకుండా దాచి తెచ్చేవాడని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఆ బన్నుకు కాస్త బొగ్గు వాసన ఉండేది. భూమి కింద పిండి అలాగే ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని.

మా అమ్మకు ఆ ఊరి మీద నమ్మకం లేదు. అలాగని మా ఆట చెడగొట్టేదీ కాదు. పొయ్యి దగ్గర కూర్చుని, రొట్టెలు కాలుస్తూ, వింటున్నట్టు లేకుండానే అంతా వినేది. ఆమెకు కావలసింది ఒక్కటే. లోపల నిజంగా ఎలా ఉంటుందో తెలియాలి. ఆ రోజుల్లో ఆడవాళ్లను బాయిలోకి దింపేవారు కాదు. పెళ్లయిన నాటి నుంచి మొగుడు పొద్దున లేచి ఎక్కడికి పోతున్నాడో, ఆ చోటు గేటు తప్ప మరేమీ ఆమె చూడలేదు. ఎప్పుడైనా అడిగితే బాపు ఆమెకు కూడా బజారు సంగతే చెప్పేవాడు.

"నాకు గూడ పిల్లలకు చెప్పినట్టె చెప్తవేందయ్యా" అని విసుక్కుని ఊరుకునేది.

వేళ కాని వేళ సైరన్ మోగిందంటే మా క్వార్టర్ల లైన్‌లోని ఆడవాళ్లందరూ వాకిళ్లలోకి వచ్చి బాయి దిక్కు చూస్తూ నిలబడేవారు. అమ్మ కూడా చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడేది. ఏమీ కాలేదని కబురు వచ్చేదాకా ఎవరూ ఇంట్లోకి తిరిగి పోయేవారు కాదు. చూడని చోటు గురించి భయపడటం ఎంత కష్టమో ఆ వయసులో నాకేం తెలుసు? గరిటె నుంచి పప్పు కారి అమ్మ చీర మీద పడుతోందని మాత్రం చూసేదాన్ని.

కొన్నేళ్లకోసారి కంపెనీ వాళ్లు కార్మికుల కుటుంబాలను దేశం చూసి రమ్మని రైలు ఖర్చులు ఇచ్చేవారు. చాలామంది కాశీకో తిరుపతికో పోయేవారు. మా బాపు ఢిల్లీ అన్నాడు. మా రామగుండం స్టేషన్ మీదుగా ఢిల్లీ రైళ్లు పోతుంటే చూసి చూసి, అవి చివరికి ఎక్కడ ఆగుతాయో ఒకసారి కళ్లారా చూడాలని ఆయన కోరిక. కోరిక బాగానే ఉంది గాని, రైలు దిగాక అయ్యే ఖర్చంతా మాదే. అందుకని అమ్మ సగం వంటిల్లు మూట కట్టింది. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, చింతపండు, మామిడికాయ తొక్కు, డబ్బా నిండా సకినాలు. పక్కింటి అక్క రెండు స్వెట్టర్లు ఇచ్చింది. బాపు ఎప్పటిలాగే తన పొడుగు గొడుగు తీసుకున్నాడు. చలికాలంలో గొడుగెందుకని అమ్మ దెప్పింది. వాన పడినా పడకపోయినా చేతిలో కర్రలాంటిదేదో ఒకటి లేనిదే ఆయనకు నడక సాగేది కాదు.

ఆ రైలు ప్రయాణం ఇప్పటికీ నాకు కలలాగే గుర్తుంది. కళ్లు మూసి తెరిచినప్పుడల్లా కిటికీ బయట కొత్త రంగు మట్టి కనిపించేది. స్టేషన్ బోర్డుల మీద తెలుగు అక్షరాలు ఎప్పుడు పోయాయో తెలియలేదు. మట్టి ముంతల్లో చాయ్ అమ్ముతున్నారు, తాగాక ముంత పారెయ్యడానికి అమ్మకు మనసొప్పలేదు. కడిగి సంచిలో వేసుకుంది.

ఢిల్లీలో ధర్మశాలలో దిగాం. మర్నాడు పొద్దున బయటికి వస్తే ఊరే లేదు. అంతా పొగమంచు. మనుషులు ఎదురుగా వచ్చేదాకా కనిపించడం లేదు. పగటిపూటే దీపాలు వెలుగుతున్నాయి, సైకిళ్ల మీద, బండ్ల మీద, చాయ్ కొట్ల ముందు చిన్న చిన్న వెలుగులు వాటంతట అవే నడుస్తున్నట్టు పోతున్నాయి. ఎండ లేదు. చల్లటి గాలి వీస్తోంది. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. తమ్ముడి మంకీ టోపీ పక్కకు జరిపి వాడి చెవిలో చెప్పాను, "ఇదేరా బాపు చెప్పే ఊరు." వాడు నమ్మేశాడు. నేను చెప్తే వాడు నమ్మనిది ఏముంది గనుక? మేమిద్దరం ఆ రోజంతా గుడాలమ్మే అవ్వ కోసం వీధి మూలలన్నీ వెతుకుతూనే నడిచాం.

నడక అంటే ఉత్త నడక కాదు. బస్సు డబ్బులు మిగుల్తాయని బాపు మమ్మల్ని కోటకూ నడిపించాడు, సమాధులకూ నడిపించాడు. ఒక మ్యూజియంలో గది తరువాత గది నిండా రాతి దేవుళ్లు ఉన్నారు. కొందరికి చేతులు లేవు, కొందరికి ముక్కు లేదు. అమ్మ గుమ్మం బయటే చెప్పులు విడిచింది. వేసుకోవచ్చని అక్కడివాళ్లు సైగ చేసినా వినలేదు. చల్లటి గచ్చు మీద వట్టికాళ్లతో నడుస్తూ ఒక్కొక్క విగ్రహానికీ చేతులు జోడించింది. "ఇంతమంది దేవుండ్లుండ్రు, దీపం పెట్టెటోళ్లు ఒక్కలు లేరు" అని బయటికి వచ్చాక చాలాసేపు బాధపడింది.

ఆ మర్నాడు చూసిన మ్యూజియంలో దేవుళ్లు లేరు, యంత్రాలున్నాయి. మీట నొక్కితే బొమ్మ రైలు కదులుతుంది, చక్రం తిప్పితే దీపం వెలుగుతుంది. తమ్ముడు ప్రతి మీటా నొక్కాడు. ఒక వరండా చివరన నల్లటి తలుపు, పైన ఒక బోర్డు ఉన్నాయి. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు అప్పుడప్పుడే వస్తోంది. గొప్పగా గట్టిగా చదివాను, కోల్ మైన్ అని. లోపల బొగ్గుగని నమూనా కట్టారట. అందులోకి ఎవరైనా వెళ్లి చూడవచ్చట.

అమ్మ అక్కడే ఆగిపోయింది.

బాపు నవ్వాడు. "గింత దూరమొచ్చి మల్ల బాయే చూసుడా? నడువుండ్రి, అటు పెద్ద ఇంజనున్నదట" అని గొడుగుతో దారి చూపించాడు. అమ్మ కదల్లేదు. ఆమె గొంతు హెచ్చింది లేదు, బతిమాలింది లేదు.

"నువ్వు ఇంజను చూసిరా. నేను గిది చూస్త" అంది.

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. బజారు కథతో ఇక పని జరగదని ఆయనకు ఆ క్షణానే తెలిసిపోయి ఉంటుంది. మా ముఖాలు కూడా చూశాడు. మేమైతే ఎగిరి గంతేస్తున్నాం. మా ఊరి దారి దొరికేసింది మరి! ఆయన మా ముందు నడిచాడు. తలుపు దగ్గర ఖాకీ బట్టల గార్డు ఉన్నాడు. బాపు జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె, బీడీల కట్ట తీసి అతని చేతిలో పెట్టాడు. గార్డుకు ఏమీ అర్థం కాలేదు. ఇవి నాకెందుకని హిందీలో అడిగాడు. బాయిలోకి నిప్పు తీసుకుపోకూడదు కదా, రోజూ దిగేముందు చేసే పని చెయ్యి దానంతటదే చేసేసింది. బాపు సిగ్గుపడి వాటిని తిరిగి తీసుకున్నాడు.

లోపల ఒక సన్నటి గుహ. గోడలకు నల్లరంగు పూశారు. అక్కడక్కడ చిన్న బల్బులు, కప్పును మోస్తున్నట్టు దుంగలు. ఎక్కడి నుంచో యంత్రం రొద వినిపిస్తోంది. టోపీ మీద దీపం పెట్టుకున్న ఒక మనిషి బొమ్మ గోడను తవ్వుతూ వంగి ఉంది. దాని చొక్కా ఇస్త్రీ చేసినట్టుంది, అది చూసి నాకు నవ్వొచ్చింది. నేనూ తమ్ముడూ ప్రతి మలుపులోనూ తొంగిచూశాం. మలుపు తరువాత మళ్లీ చీకటే తప్ప ఇంకేమీ లేదు. అమ్మ మాత్రం చాలా నెమ్మదిగా, ఒక చేత్తో గోడను తాకుతూ నడిచింది. మధ్యలో ఆగి చెయ్యి చూసుకుంది. చేతికి నలుపు అంటలేదు. తల ఎత్తి చూసింది. కప్పు ఆమె కొప్పుకు తగులుతున్నంత కిందికి ఉంది.

"గింత కిందికుంటదా?" అని అడిగింది.

వంగి నడిచే అలవాటు వల్ల బాపు అప్పటికే వంగిపోయి ఉన్నాడు. గొడుగు తిప్పి పట్టుకుని, దాని పిడితో కప్పును ఒకసారి తట్టాడు. అది కూడా చెయ్యి చేసిన పనే. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి వింటారు. గట్టిగా మోగితే భయం లేదు. గుల్లగా మోగిందంటే కప్పు ఊడిపడబోతోందని అర్థం. ఈ సంగతి ఆ రోజు మాకు తెలియదు. డబ్ అని, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది.

బాపు ముఖం అలా మారిపోవడం నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు. తమ్ముణ్ణి ఒక చంకలో ఇరికించుకున్నాడు. నా రెక్క పట్టుకున్నాడు. అమ్మను భుజంతో ముందుకు నెట్టాడు.

"కప్పు గుల్లగున్నది! బయటికి! జల్ది బయటికి నడువుండ్రి!"

ఆ అరుపులో ఏముందో గాని, తెలుగు ముక్క రానివాళ్లు కూడా పరుగెత్తారు. మా వెనక ఎవరో పంజాబీ కుటుంబం ఉంది, వాళ్లూ పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తారు. బాపు అందరినీ బయటికి తోసి, చివరిగా తను బయటపడి, వెనక్కి తిరిగి తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు, ఇంకా ఎవరైనా మిగిలారేమోనని.

ఏమీ కూలలేదు. గార్డు లోపలికి వెళ్లి వచ్చాడు. వచ్చి, తలుపు పక్క గోడ మీద వేళ్లతో కొట్టి చూపించాడు. డబ్, డబ్. అంతా చెక్కే, లోపల గుల్ల, పైన రంగు పూశాం, అంతే, అని నవ్వాడు. పంజాబీ కుటుంబం నవ్వింది. చుట్టూ చేరినవాళ్లంతా నవ్వారు. వాళ్ల తప్పేమీ లేదు, ఇంకొకరికి జరిగి ఉంటే మేమూ నవ్వేవాళ్లమే. బాపు గొడుగును రెండు చేతులతో పట్టుకుని తన కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. అంత చలిలో ఆయన మెడ మీద చెమట ధారలు కట్టింది.

అమ్మ నవ్వలేదు. ఆయన ముఖం వైపే చూస్తోంది. ఇన్నేళ్లూ తను ఏం చూడాలనుకుందో అది ఆ చెక్క గుహలో కనిపించలేదు, ఇప్పుడు ఇక్కడ, ఈ వెలుగులో కనిపిస్తోంది. దగ్గరికి వెళ్లి కొంగుతో ఆయన మెడ తుడిచింది. నలుగురిలో అలా చెయ్యగా నేను చూడటం అదే మొదలు.

అప్పుడు తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. పరుగులో వాడి చెప్పు ఒకటి లోపలే జారిపోయింది, కానీ ఏడుపు అందుకు కాదు. "బజారు రాకముందే ఎందుకు తీసుకొచ్చినవ్ బాపూ? బజారేది? అవ్వేది?" అని.

బాపు వంగి వాడి టోపీ సర్దుతూ ఉండిపోయాడు. నేనూ ఆయన వైపే చూస్తున్నాను. లోపల చూసిన చీకటి నాకు గుర్తుంది. దుంగలు, కిందికి దిగిన కప్పు, ఆయన అరుపు. ఇంకొక్క క్షణం అలాగే గడిచి ఉంటే నా ఊరు నా కళ్ల ముందే మూతబడిపోయేది. ఆ క్షణం గడవనివ్వలేదు మా అమ్మ.

"ఓరి పిచ్చోడా, గిది దొంగ బాయిరా" అంది తమ్ముడి ముక్కు తుడుస్తూ. "ఉత్త చెక్కల బాయి. వీళ్లకేం తెలుసు? గిందుల బజారెందుకుంటది? మన బాయిల ఉంటది." ఆ తరువాత తల తిప్పి బాపును అడిగింది. "చెప్పయ్యా, ఉంటది గదా?"

బాపు తమ్ముణ్ణి ఎత్తుకున్నాడు.

"ఉంటది" అన్నాడు.

సాయంత్రం పెద్ద రాతి కమాను దగ్గరికి వెళ్లాం. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. కింద ఒక జ్యోతి వెలుగుతోంది. మంచు మళ్లీ దిగుతోంది, కమాను పైభాగం అందులో కరిగిపోయి, పేర్లు ఆకాశంలోకి ఎక్కిపోతున్నట్టున్నాయి. అమ్మకు చదువు రాదు. అయినా ఒక్కొక్క వరుసనూ కింది నుంచి పైకి చూస్తూ చాలాసేపు నిలబడింది.

"వీళ్లు గూడ అక్కడ మంచిగనే ఉంటదని ఇంట్ల చెప్పే పోయి ఉంటరు" అంది.

పచ్చిక మీద దుప్పటి పరుచుకుని సకినాలు తిన్నాం. నేను అమ్మ ఒడిలో తల పెట్టి పడుకున్నాను. నిద్రపోయాననుకున్నారు. బాపు చిన్న గొంతుతో కప్పు గురించి చెప్పాడు. తట్టి వినడం గురించి, గుల్లగా మోగితే ఏమవుతుందో, ఎవరికి ఏమైందో.

"గివన్ని చెప్తె నీకు నిద్ర పట్టునా?" అన్నాడు చివర్లో.

"చెప్పకుంటె పట్టిందా?" అంది అమ్మ.

అమ్మ చెయ్యి నా జుట్టులో కదులుతోంది. ఆ చెయ్యి ఎంత నిమ్మళంగా ఉందో నాకు ఇప్పటికీ తెలుస్తుంది. జ్యోతి ముందు నుంచి మనుషులు నీడల్లా పోతున్నారు. తమ్ముడు దుప్పటి అంచున ఇంకా ముభావంగానే కూర్చున్నాడు. అమ్మ వాడికి వినబడేలా, కావాలనే గొంతు పెంచి, "అవునయ్యా, ఆ గుడాలమ్మే అవ్వ మంచిగున్నదా? చలికాలమాయె, పాపం" అని బాపును అడిగింది.

బాపు ఆమె వైపు చూశాడు. ఆ కథలో ఆమె కాలు పెట్టడం అదే మొదలు. ఆయన ముఖం కొద్దికొద్దిగా విచ్చుకుంది. "ఉన్నది. కొంచెం దగ్గు" అన్నాడు. "అయితె ఇంటికి పోయినంక ఆమెకు రొట్టె పంపుత" అంది అమ్మ. తమ్ముడు జరిగి బాపు పక్కకు చేరాడు. ఆ మంచులో, ఆ జ్యోతి వెలుతురులో, మా ఊరు మళ్లీ తలుపులు తెరిచింది.

అమ్మ అన్నంత పనీ చేసింది. మేం తిరిగి వచ్చిన నాటి నుంచి బాపు టిఫిన్ డబ్బాలో అవ్వకని ఒక రొట్టె ఎక్కువ పెట్టేది. షిఫ్టు నుంచి రాగానే బాపు గుమ్మంలోనే, "అవ్వ తిన్నది" అనేవాడు. ఆ రొట్టె ఎవరు తినేవారో, ఏ తోటి కార్మికుడితో పంచుకునేవాడో అమ్మ అడిగేది కాదు. ఆ మాట వినగానే స్టవ్వు మీద చాయ్ పెట్టేది. ఒక్కోరోజు "అవ్వ ఇయ్యాల సగమే తిన్నదే" అనేవాడు. ఆ రోజు అమ్మ ఆయన పక్కనే ఎక్కువసేపు కూర్చునేది. మా ఇద్దరినీ బయటికి ఆడుకోమని పంపేది. రిటైరైన రోజు మెడలో దండతో ఇంటికి వచ్చి, "అవ్వ దుకాణం కట్టేసిందే" అన్నాడు. అమ్మ పకపకా నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నేను గోదావరిఖనిలోనే ఉండిపోయాను. నా బిడ్డ దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, "ఏం లేదే అమ్మా, మంచిగనే అయింది" అంటుంది. నేను ఆ మాటను మా బాపు కప్పును తట్టి విన్నట్టు వింటాను. గట్టిగా మోగితే సరే. గుల్లగా మోగిన రోజు ఏమైందని గుచ్చి గుచ్చి అడగను. అడిగితే అది కూడా మా బాపులాగా నాకు బజారు చూపించి పోతుంది. ఊరికే పక్కన కూర్చుంటాను. ఒక్కోసారి అది నా భుజం మీద తల వాల్చి అంతా చెప్పేస్తుంది, ఒక్కోసారి చెప్పదు.

మర్నాడు పొద్దున దాని డబ్బాలో ఒక రొట్టె ఎక్కువ పెడతాను.